శ్వాస ఒక్కటే చాలునా?
హైదరాబాదు క్లోరోఫారం కమిషను: ఒక విమర్శ

కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు నిజాం రాజ్యంలో ఉన్న రోజులలో, ఆ రాజ్యపు రాజధానిలో కుక్కలపై జరిగిన ప్రయోగాలు ప్రపంచ వైద్యుల దృష్టిని ఆకర్షించాయి. క్లోరోఫారం వల్ల మరణం సంభవించినపుడు ముందుగా ఆగేది శ్వాసయా, గుండెయా అన్నదే ప్రశ్న. దీనిని తేల్చడానికి డాక్టరు ఎడ్వర్డ్ లారీ 1888లో మొదటి కమిషనును నడిపాడు. దాని తీర్పును లండనులోని 'లాన్సెట్' పత్రిక శంకించింది. అందుచేత 1889లో రెండవ కమిషను ఏర్పడింది. ఆరవ నిజాము ఇచ్చిన 1,000 పౌన్ల ధనసహాయంతో లండను నుండి డాక్టరు లాడర్ బ్రంటన్ వచ్చి పాల్గొన్నాడు. కుక్కలు, కోతులు మొదలైన 400కు పైగా జంతువులను పరీక్షించారు.

కమిషను తీర్పు ఇది: ముందు శ్వాస ఆగుతుంది, తరువాతనే గుండె ఆగుతుంది, కనుక మత్తు ఇచ్చేవాడు శ్వాసను కనిపెట్టి ఉంటే చాలు.

ఇందులో సగం నిజం. మత్తులో ఉన్న కుక్క ఛాతీ కదలికను క్షణమైనా విడువకుండా చూడవలసిందే. నాలుకను ముందుకు లాగి గాలిదారిని తెరచి ఉంచవలసిందే. శ్వాస ఆగినచో వెంటనే కృత్రిమ శ్వాస అందించవలసిందే.

రెండవ సగంలోనే దోషమున్నది. ప్రయోగశాలలో ఆరోగ్యవంతమైన జంతువుకు మందును ఎక్కువ చేసుకుంటూ పోతే శ్వాస ముందాగడం సహజమే. అయితే శస్త్రచికిత్స బల్లపై రోగి మరణించేది ఎల్లప్పుడూ మందు ఎక్కువై కాదు. 1911లో గుడ్‌మన్ లీవీ పిల్లులపై చేసిన పరిశోధనలో, క్లోరోఫారం మత్తు పైపైన ఉన్నపుడు ఎడ్రినలిన్ రక్తంలో చేరితే గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోవచ్చునని తేలింది. భయపడిన ప్రాణి శరీరమే ఎడ్రినలిన్‌ను విడుదల చేస్తుంది. కమిషను అనేక జంతువులను పరీక్షించినా, ఈ పరిస్థితికి తగిన ప్రాముఖ్యం ఇవ్వలేదు. ప్రయోగాల సంఖ్య పెరిగినంత మాత్రాన ప్రశ్నలోని లోపం తీరదు.

ఇది పాతకథ అని తోసివేయరాదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలను పట్టి, కు.ని. ఆపరేషను చేసి, రేబీసు టీకా వేసి, తిరిగి పట్టిన చోటనే విడవాలి. వలలో పడిన కుక్క బెదరి ఉంటుంది. దానిని కొంతసేపు చీకటిలో, నిశ్శబ్దంలో ఉంచి, తూకం చూసి, ఆ తరువాతనే మందు ఇవ్వడం ఉత్తమం. క్లోరోఫారం నేడు వాడుకలో లేదు. కాని నేడు వాడే జైలజీన్ గుండె వేగాన్ని బాగా తగ్గిస్తుంది. అట్టి సమయంలో శ్వాసను మాత్రమే చూచే వైద్యుడు సగమే చూచినవాడవుతాడు.

మిగిలిన సగాన్ని చూడడానికి పెద్ద యంత్రాలే అక్కరలేదు. తొడ లోపలివైపు వేలు పెడితే నాడి తెలుస్తుంది. చిగురును వేలితో నొక్కి వదలితే తెల్లబడిన చోటు 2 సెకండ్లలోపుగా తిరిగి ఎర్రబడాలి. చలికాలంలో చలి ఎక్కువగా ఉండే ఆదిలాబాదు వంటి ప్రాంతంలో ఒంటివేడిని కూడా చూడాలి. చిన్న శరీరం మత్తులో త్వరగా చల్లబడుతుంది, మెలకువ ఆలస్యమవుతుంది.

కరీంనగరు ప్రాంతపు కోరుట్లలో నేడు పశువైద్య కళాశాల ఉన్నది. అక్కడ చేరగోరే విద్యార్థి హైదరాబాదు కమిషను శ్రద్ధను గౌరవించాలి. దాని తీర్పును మాత్రం పరీక్షించాలి. శ్వాసను చూచే కన్ను, నాడిపై నిలిచిన వేలు రెండూ ఉన్నపుడే మూగజీవి క్షేమంగా మేల్కొంటుంది.