కుండ చుట్టూ సాగే పాఠం

కొలతలు తెలిసినంత మాత్రాన పట్టుబడని వంటకాలలో పూతరేకులది మొదటి వరుస. కోనసీమలోని ఆత్రేయపురం పేరుతో ప్రసిద్ధి పొంది, 2023లో భౌగోళిక గుర్తింపు అందుకున్న ఈ మిఠాయికి కావలసినవి బియ్యం, నీరు, నెయ్యి, పంచదార లేదా బెల్లం మాత్రమే. సరుకుల జాబితా ఇంత చిన్నది కాబట్టే నేర్పంతా చేతిలోనే ఉండవలసి వస్తుంది; అందుకే ఈ విద్య పుస్తకం ద్వారా కాక, కుండ చుట్టూ కూర్చున్న స్త్రీల మధ్య ఒక చేతి నుండి మరో చేతికి అందుతూ వచ్చింది.

పూత అంటే పైన పట్టించిన పలుచని పొర, రేకు అంటే పలుచని పలక. నానబెట్టిన బియ్యాన్ని, ముఖ్యంగా జయ రకాన్ని, గరుకు లేకుండా రుబ్బి, పాలలా జారేంత వరకు నీరు కలుపుతారు. నున్నటి అడుగు పైకి వచ్చేలా బోర్లించిన ప్రత్యేకమైన కుండ లోపల ఎండు కొబ్బరాకులతో మంట పెడతారు. ఆ ఆకు త్వరగా అంటుకుని త్వరగా ఆరుతుంది కనుక, వేడిని క్షణాల్లో పెంచడానికీ తగ్గించడానికీ వీలవుతుంది. పిండిలో ముంచిన పలుచని గుడ్డను రెండు కొసలా పట్టుకుని కుండ మీదుగా ఒక్క ఊపున లాగితే, బియ్యంలోని గంజి పదార్థం వేడికి ఉబ్బి, నీరు ఆవిరై, కాగితం కన్నా సున్నితమైన పొర నిలుస్తుంది. దానిని అంచు పట్టి లేపడాన్నే రేకు తీయడం అంటారు.

నేర్చుకునేవారికి అసలు పరీక్ష ఇక్కడే ఎదురవుతుంది. కుండ మరీ కాలితే పిండి చిటపటలాడి రేకుకు చిల్లులు పడతాయి, వేడి చాలకపోతే రేకు పచ్చిగా అంటుకుపోతుంది, పిండి చిక్కబడితే మందంగా వచ్చి నోట్లో కరగదు. ఒంటరిగా ప్రయత్నించేవారికి రేకు చిరిగిందని తెలుస్తుందే గాని ఎందుకు చిరిగిందో తెలియదు. అదే పిండితో, అదే కుండ మీద పక్కవారు తీసిన రేకు నిండుగా వచ్చిందంటే, లోపం మంటలో లేదని, మణికట్టు తిప్పిన తీరులోనే ఉందని వెంటనే స్పష్టమవుతుంది. సామూహిక శిక్షణ విలువ ఈ పోలికలోనే ఉంది. ఒకరు చేసి చూపగా మిగిలినవారు రాసుకుని వెళ్లే తరగతులు ఎంత శ్రద్ధగా నడిచినా ఈ లోటును పూడ్చలేవు.

రేకులు తీయడం ఒక పని కాగా, వాటిని చుట్టడం మరొక పని; రెండింటినీ వేర్వేరు చేతులు పంచుకోవడం ఈ వృత్తిలో పరిపాటి. ఎండిన రేకు మడిస్తే పెళుసుగా విరుగుతుంది కనుక దానికి తడిగుడ్డతో కొద్దిపాటి చెమ్మ తగిలించి, మెత్తబడిన క్షణంలోనే నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి మడతలు వేయాలి. ఆ చెమ్మ ఎంతో చెప్పడానికి చెంచా కొలత లేదు, వేలికి తెలియవలసిందే. చెమ్మ ఎక్కువైతే పొరలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి, తక్కువైతే మడత దగ్గరే పగులుతాయి.

కొత్తవారి చేతిలో విరిగిన రేకులు వృథా కానక్కరలేదు. నెయ్యి, పంచదారలతో కలిపి వాటిని లోపలి పొరలుగా అమర్చి, అనుభవం గల చేయి తీసిన నిండు రేకును పైన చుడితే, తొలినాటి తప్పులన్నీ ఆ మిఠాయిలోనే కరిగిపోతాయి.