ఎర్రపెట్ట చూడటం మానేదాకా

బండి మీద అమ్మకానికొచ్చిన కోడిపిల్లల్ని కొని, సాయంత్రానికల్లా పెరట్లోకి వదిలేయడం పల్లెల్లో మామూలే. కోళ్లే కదా, అవే కలిసిపోతాయనుకుంటారు. తెల్లారేసరికి ఒక పిల్ల గోడవార నెత్తురోడుతూ ఉంటుంది. మిగతావి కట్టెల మోపు వెనక నక్కి, నూకలు చల్లినా బయటికి రావు.

మందలో ఎవరు ముందు తినాలి, ఎవరు ఎవరిని పొడవాలి అన్న వరస ఒకటుంటుంది. నార్వేకు చెందిన థోర్లీఫ్ షెల్డెరుప్ ఎబ్బె పెట్టల్ని ఏళ్ల తరబడి గమనించి, 1922లో ఈ సంగతి ప్రచురించాడు. కోళ్లు పెంచే ఆడవాళ్లకు అది పెరడే నేర్పింది. కొత్త కోడి రాగానే వరసంతా మళ్లీ తేలాలి. ఈడు కుదిరితే నాలుగు రోజుల పెనుగులాటతో తేలిపోతుంది. ఆరు వారాల పిల్లకూ రెండేళ్ల పెట్టకూ మధ్య పోటీ ఎక్కడిది? అక్కడ పిల్లకు మిగిలేది దెబ్బలే.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాల్ని పెరటి పెంపకం కోసమే తయారుచేసింది. ఆ పిల్లల్ని కూడా తొలి ఆరు వారాలు విడిగా, వెచ్చగా పెంచాలి. మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి, ఆపైన వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తూ పోవాలి. అయితే ఆరు వారాలు నిండిన పిల్ల చలికి తట్టుకుంటుందేమో గానీ, ముసలి పెట్ట ముక్కుకు తట్టుకోలేదు.

దానికి మందు గంప. ఓ పెరట్లో అత్త అయిదు పిల్లల్ని వెదురు గంప కింద మూసి, లోపలా బయటా నూకలు చల్లింది. పాత ఎర్రపెట్ట తిండి మానేసి గంప చుట్టూ తిరిగింది. మెడ ఈకలు నిక్కబొడుచుకుని సందులోంచి ముక్కు దూర్చింది. పిల్ల అడుగు వెనక్కేసింది. ఎండ ఎక్కే ముందు గంప నీడకు జరిగింది, రాత్రికి పిల్లలు వేరే గూటికి చేరాయి. రోజూ ఇదే తంతు.

"ఇంకెన్నాళ్లత్తా?" అంది కోడలు.

"ఎర్రపెట్ట ఇటు చూడటం మానేదాకా."

పెద్ద కోళ్లను కొన్నా తొందర పనికిరాదు. హుషారుగా కనబడే కోడి కూడా కొక్కెర తెగులు మోసుకురావచ్చు. మూడు నాలుగు వారాలు దూరంగా ఉంచి, పాతవాటికి మేత వేశాకే కొత్తవాటి దగ్గరికి వెళ్లాలి. కలిశాక దాణా సంగతి చాలామంది మరిచిపోతారు. గుడ్ల కోళ్ల దాణాలో కాల్షియం మూడున్నర శాతం పైనే ఉంటుంది, అది పిల్లల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అన్నిటికీ పిల్లల దాణా పెట్టి, పెట్టలకు ఆల్చిప్పల పొడి విడిగా ఒక చిప్పలో ఉంచితే సరిపోతుంది.

పొదుగు మీదున్న పెట్ట ఉంటే మాత్రం పని సగం తేలిక. చీకటి పడ్డాక రెక్క మెల్లగా ఎత్తి, గుడ్డు తీసి, ఒకటి రెండు రోజుల పిల్లను జార్చాలి. చాలా పెట్టలు తెల్లారి వాటిని తమవిగానే తిప్పుకుంటాయి. కొన్ని ఒప్పుకోవు, పొడుస్తాయి. అందుకే ఆ రాత్రి పిల్లను పెట్టిన మనిషి, వెలుగు రాకముందే లేచి గూటి దగ్గర ఉండాలి.