గోలకొండ చరిత్ర: ఫిరిష్తా పేర చెల్లుతున్న మాటలు

కుతుబ్ షాహీల పాలనను గురించి ఇటీవల తెలుగులో వచ్చిన ఒక వ్యాసం చదివాను. శ్రద్ధగా వ్రాసినదే. కోటలు, చెరువులు, ఉద్యోగుల వివరాలు విసుగు పుట్టకుండా చెప్పారు. అయితే అధస్సూచికలలో ఎక్కడ చూసినా ఒకే మాట: ‘ఫిరిష్తా, మూడవ సంపుటం’. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

ముహమ్మద్ ఖాసిం ఫిరిష్తా తన పారసీ చరిత్రను బీజాపూరులో, రెండవ ఇబ్రాహీం ఆదిల్ షా కొలువులో వ్రాశాడు. గోలకొండను గురించి ఆయన చెప్పినది స్వల్పం. ఇరాక్ వాడైన ఖూర్షా ఆ రాజ్య చరిత్ర వ్రాశాడనీ, అది తనకు లభింపలేదనీ ఆయనే చెప్పుకున్నాడు. 1829లో ఆంగ్లానువాదం ప్రకటించిన జాన్ బ్రిగ్స్ ఈ కొరత తీర్చటానికి మూడవ సంపుటంలో వేరొక గ్రంథాన్ని సంక్షేపించి చేర్చాడు. అది ‘తారీఖె ముహమ్మద్ కుతుబ్ షా’. గోలకొండ దర్బారులో, పేరు చెప్పుకోని రచయిత హిజ్రీ 1026లో, అనగా 1617లో ముగించినది.

అట్టమీద ఫిరిష్తా పేరుండటంచేత లోపలిదంతా ఆయనదేనని మనవారు తీసుకుంటున్నారు. ఇబ్రాహీం కుతుబ్ షా రాజు కాకముందు విజయనగరంలో తలదాచుకున్న నాటి సంగతులు, అంబర్ ఖాన్‌తో ద్వంద్వయుద్ధంతో సహా, వ్యాసకర్త ఫిరిష్తాకే అంటగట్టారు. చెప్పినది గోలకొండ రచయిత. ఆయన ప్రభువు ముహమ్మద్ కుతుబ్ షాకు ఇబ్రాహీం సాక్షాత్తు తాత. తాత శౌర్యాన్ని మనుమడి కొలువులో వర్ణించినవాని మాటకూ, పొరుగు రాజ్యపు చరిత్రకారుని మాటకూ తూకం ఒకటి కాదు. ఇద్దరు సాక్షులను ఒక్కరిని చేస్తే, వారు ఎక్కడ విభేదించారో పాఠకునికి తెలిసే దారి మూసుకుపోతుంది.

విచిత్రమేమంటే, భాగమతి కథ నిజంగా ఫిరిష్తా చెప్పినదే. అక్కడ మాత్రం ఆధారమే చూపలేదు! ఆ కథను హారూన్ ఖాన్ షేర్వానీ అంగీకరించలేదన్న ముక్క కూడా లేదు. షేర్వానీ కుతుబ్ షాహీ చరిత్ర 1974లోనే వెలువడింది.

తేదీల విషయం క్లుప్తంగా. హైదరాబాదు స్థాపనకు ‘యా హాఫిజ్’ అన్న సంకేతం ప్రసిద్ధం. అబ్జద్ లెక్కలో ‘యా’కు 11, ‘హాఫిజ్’కు 989, వెరసి హిజ్రీ 1000. ఆ సంవత్సరం 1591 అక్టోబరులో మొదలవుతుంది, అధికభాగం 1592లోనే పడుతుంది. కాబట్టి ‘1591-92’ అని వ్రాయటం న్యాయం. హిజ్రీ సంవత్సరం పక్కన ఇస్తే మరీ మంచిది.

ఇక తెలుగు ఆధారాలు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానం ఈ ఇబ్రాహీంకే అంకితం. తెలగన్న యయాతిచరిత్ర అమీన్ ఖాన్‌కు అంకితం. తెలుగువారికోసం వ్రాసిన వ్యాసంలో ఇవి రెండూ కనిపించకపోవటం వింత. పునర్ముద్రణ జరిగితే వీటి అవతారికలను పారసీ గ్రంథాల సరసన చూడవలెను. వెదకేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: మన కవులు ఆ సుల్తానును ఇబ్రాహీం అనలేదు, మల్కిభరాముడన్నారు.