పండుగలు పుట్టే పేట

ధూల్‌పేటా! నీ పేరు చెప్పగానే హైదరాబాదు ఆటో డ్రైవర్ మొహం పక్కకు తిరుగుతుంది. "పురానాపూల్ దాకా అయితే వస్త సార్, ఆడ దిగి నడువుండ్రి" అంటాడు. ఆఫీసులో కొత్తగా చేరినవాడు నా ఇల్లెక్కడో తెలిసి, గొంతు తగ్గించి "అక్కడెట్లా ఉంటారండీ?" అని అడుగుతాడు. ఇదిగో, ఇట్లా ఉంటాను. నిన్ను నెత్తిన పెట్టుకుని, పదిమందిలో గట్టిగా పొగుడుతూ ఉంటాను.

నల్లా వచ్చే పొద్దున నిన్ను చూడాలి. గొట్టంలో గాలి బుసకొట్టిందంటే గల్లీ అంతా లేచి కూర్చుంటుంది. బిందెలు, బకెట్లు, నీలం డ్రమ్ములు వాకిళ్లలోకి వస్తాయి. "అమ్మా, ముందుగాల మీరు పట్టుకోండ్రి, మాకు జర టైముంది" అని ఒకామె తెలుగులో అంటుంది. అవతలామె తన ఇంటి హిందీలో జవాబిస్తుంది. మూడో ఆమె దక్కనీలో ఇద్దరికీ కలిపి ఒక చురక వేస్తుంది. ముగ్గురూ నవ్వుతారు. నిజాముల కాలంలో బుందేల్‌ఖండ్ వైపు నుంచి వచ్చిన లోధీలు ఇక్కడ పొయ్యిరాళ్లు పెట్టుకున్నారు. కూలీనాలీ వెతుక్కుంటూ వచ్చిన మా వాళ్లు వాళ్ల గోడకు గోడ ఆనించి కట్టుకున్నారు. ఒక ఇంట్లో ఎండుమిరపకాయల పోపు వేస్తే నాలుగిళ్లలో తుమ్ములు. ఒక ఇంట్లో జ్వరమొస్తే నాలుగిళ్ల నుంచి జావ గిన్నెలు.

నీ పొలిమేరలో మూసీ మీద పురానాపూల్ ఉంది. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కట్టించిన వంతెన. చార్మినార్ ఇంకా పునాదికి కూడా రాని రోజులవి. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిని ముంచి వేలమందిని పొట్టన పెట్టుకున్నా, దెబ్బతిని కూడా అది నిలబడింది. దెబ్బతిని నిలబడడం నీ గాలిలోనే ఉందేమో.

జుమేరాత్ బజారులో గురువారం పూట నడిచినవాళ్లకు అది తెలుస్తుంది. ఊరు పారేసినవన్నీ అక్కడ గోనెపట్టాల మీదికి చేరతాయి. మూతలేని ప్రెషర్ కుక్కరు, చెవి తెగిన బూట్లు, ఏ తాళానికీ పట్టని తాళంచెవుల గుత్తి, మోగని రేడియో. "మోగదు కదన్నా" అంటే, "మోగిపిచ్చుకుంటే మోగుతది" అంటాడు అమ్మేవాడు. పనికిరాదని ఒక వస్తువును తీసిపారేయడం నీకు చేతకాదు. మనిషినీ అంతే. జైలుకు పోయి వచ్చినవాడికి తొలి చాయ్ పోసేది నువ్వే.

నీ మీద పడ్డ మచ్చను నేను తుడిచి చూపించను. బెల్లం, పటిక వేసి పులియబెట్టిన డ్రమ్ముల వాసన నీ గల్లీల్లో ఏళ్ల తరబడి ఉండేది. గుడుంబా అనే ఆ నాటుసారా కాచినవాడి చేతికి నాలుగు రూకలొచ్చాయి, తాగినవాడి ఇంటికి పాడె వచ్చింది. అట్లా మొగుళ్లు పోయిన ఆడవాళ్లు పిల్లల ఫీజుల కోసం ఇంట్లో కూర్చుని రాఖీలకు పూసలు గుచ్చుతున్నారు. 2015లో ప్రభుత్వం గుడుంబా బట్టీల మీద పడింది. 2024లో ఎక్సైజ్ వాళ్లు గంజాయి మీదికి వస్తూ, ఆ పనికి 'ఆపరేషన్ ధూల్‌పేట' అని నీ పేరే పెట్టుకున్నారు. ఒక ఇంట్లో పొట్లం దొరికితే వంద ఇళ్ల పిల్లలు కాలేజీలో తల వంచుకోవాలి. ఇదంతా తెలిసే నిన్ను ప్రేమిస్తున్నాను. తెలియనివాళ్ల ప్రేమ నీకెందుకు?

హోలీ రంగులు గోళ్లలోంచి పోకముందే నీ షెడ్లలో వినాయక విగ్రహాల అచ్చులు దులుపుతారు. పీవోపీ, అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడిని నీళ్లలో కలిపితే నిమిషాల్లో బిగుసుకుంటుంది. చెయ్యి తడబడితే సరుకు రాయైపోతుంది. అందుకే ఆ కాసేపూ ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. కొబ్బరిపీచును ఆ తెల్లటి చిక్కనిదాంట్లో ముంచి అచ్చులోపల పొరమీద పొర మెత్తుతారు. తొండానికి ఒక అచ్చు, చేతులకు ఒక అచ్చు, బొజ్జకు ఒక అచ్చు. లోపల కర్రలు నిలబెట్టి అన్నిటినీ అతికిస్తారు. ఆరినాక గరుకు కాగితం పట్టి రుద్దుతుంటే పనివాళ్ల కనురెప్పల దాకా తెల్లబడతాయి. వానాకాలం కదా, మబ్బు పట్టినప్పుడల్లా టార్పాలిన్ పట్టుకుని పరుగులు. స్ప్రే గన్‌తో ఒళ్లంతా రంగు వేశాక, చివరికి కళ్లు మిగులుతాయి.

కళ్లు అందరూ వేయరు. వేసే మనిషి నిచ్చెన ఎక్కి, ఎడమచేతి మణికట్టు మీద కుడిచెయ్యి ఆనించి, సన్నటి కుంచెతో నల్లటి గీత తీస్తాడు. తర్వాత గుడ్డు. ఆఖరికి గుడ్డులో ఆవగింజంత తెల్లచుక్క. ఆ చుక్క పడేదాకా కింద పనివాళ్లు దేవుడి పాదాల మీద చాయ్ గ్లాసులు పెట్టుకుంటారు. పడగానే గ్లాసులు తీసేస్తారు, చెప్పులు విడుస్తారు. ఎవరూ చెప్పరు, చెప్పనక్కర్లేదు. దేవుడు రావడం నేను కళ్లారా చూసింది గుడిలో కాదు, ధూల్‌పేటా, పీవోపీ దుమ్ము పట్టిన నీ రేకుల షెడ్డులో.

చవితి ముందు రాత్రుల్లో జిల్లాల నుంచి డీసీఎం వ్యాన్లు బారులు తీరతాయి. కరెంటు తీగలను పొడుగాటి కర్రతో ఎత్తిపట్టే కుర్రాడు ఆ వారం నీ గల్లీలకు రాజు. బయటి నుంచి నిన్ను తప్పించుకు తిరిగేవాళ్లే అర్ధరాత్రి పిల్లాపాపలతో వచ్చి, బేరాలాడి, "జై బోలో గణేశ్ మహరాజ్ కీ" అంటూ నీ చేతి పనిని నెత్తిన పెట్టుకుపోతారు. అడ్వాన్సు ఇస్తారు. మిగతాది "నిమజ్జనం అయినంక చూద్దాం" అంటారు. 2021లో హుసేన్‌సాగర్‌లో పీవోపీ విగ్రహాలు కలపొద్దని హైకోర్టు అన్నప్పటి నుంచి ఒక దిగులు కూడా నీ షెడ్లలో కూర్చుంది. అయినా చేతులు ఊరుకోవు. వరిగడ్డికి తాడు చుట్టి బంకమట్టి మెత్తే విద్య కూడా నీకుంది. ఆ పని వచ్చిన బెంగాల్ మనుషులు మన అన్నం, పప్పుచారు తింటూ నీ దగ్గరే నెలలు గడుపుతారు.

ఊరు నిమజ్జనం అలసటలో పడుకుని ఉండగానే నీ వెనక గదుల్లో వెదురు చీలుస్తున్న చప్పుడు మొదలవుతుంది. సంక్రాంతి నాటికి హైదరాబాదు ఆకాశం నిండాలంటే ఇప్పుడే పతంగులు అంటించాలి కదా. నిలువు పుల్ల గట్టిది, విల్లులా వంచే అడ్డపుల్ల సన్నది. ఆ పుల్లను నెత్తి మీద రుద్ది, వంచి, చెవి దగ్గర పెట్టుకుని దాని బిగువు వింటాడు ఒక తాత. పండుగనాడు మిద్దెల మీద "అఫా!" అని కేకలు పుడతాయి. తెగిన పతంగి ఏ మతంవాడి మిద్దె మీద పడితే వాడిదే. చైనా మాంజా అని పిలిచే నైలాన్ దారాన్ని 2017లో హరిత ట్రిబ్యునల్ నిషేధించింది. అది కొని తెచ్చిన కుర్రాడి చెవి మెలిపెట్టేది కూడా ఆ తాతే.

చల్లగుండు, ధూల్‌పేటా. రంగు ఆరేదాకా నీ షెడ్ల మీద వాన ఆగాలి. నీ మాంజాకు ఏ పక్షి గొంతూ తెగొద్దు. నీ బిడ్డకు సంబంధం చూసేవాళ్లు ఆ బిడ్డ చదువు అడగాలి గాని పిన్‌కోడు అడగొద్దు. రాఖీలకు పూసలు గుచ్చే తల్లుల కళ్లు బాగుండాలి. రెండో తప్పు చేయకముందే మొదటి తప్పు చేసినవాడికి పని దొరకాలి. దేవుణ్ణి అప్పు మీద పట్టుకుపోయిన ఈ పట్నం వడ్డీతో సహా నీ బాకీ తీర్చాలి, డబ్బు బాకీతోపాటు మర్యాద బాకీ కూడా.