బీరువా వెనక గోడ

సున్నం పాట మళ్లీ ఎత్తుకున్నాడని నవ్వుకోండి, ఫరవాలేదు. ఈసారి ఎత్తించింది మా బావమరిది. వైజాగ్‌లో వాళ్ల పడగ్గది గోడకి తుపాను వానల్లో చెమ్మెక్కి నల్లగా బూజు పట్టింది. గీకించలేదు, ఆరనివ్వలేదు, దానిమీదే ఎమల్షన్ కొట్టించాడు. నెల తిరక్కముందే రంగు పొక్కింది, నలుపు పైకి తేలింది. “యాంటీ ఫంగల్ రంగే బావా!” అని ఫోన్లో ఒకటే గోల.

వాడికి మా పిన్నిని చూపించాల్సింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పిన్ని ఇంటి కిటికీ అద్దాలు పగిలి వాన అడ్డంగా ఇంట్లోకి కొట్టింది. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్యాను లేదు. తడిసిన గుడ్డకీ కాగితానికీ బూజు పుట్టడానికి ఒకటి రెండు రోజులు చాలు. గాలి తెరిపివ్వగానే పిన్ని చేసిన మొదటి పని, నానిన దూది పరుపులు వీధిలో పారేయించడం. మేం ఎండబెడదామంటే వినలేదు. పైన ఆరినా లోపల ఆరదంది. బీరువాలన్నీ గోడకి జానెడు ఎడంగా జరిపించింది. నేను పొడి చీపురు పట్టుకుంటే కసిరింది: “తడిగుడ్డ పెట్టి తుడవరా, ఆ దుమ్మంతా పీలుస్తావా?” బ్లీచింగ్‌లో బాత్రూం యాసిడ్ కలపబోయిన కుర్రాడికైతే తిట్లే. ఆ రెండూ కలిస్తే వచ్చేది విషవాయువు మరి.

ఆవిడ గోడలకి సున్నమే. సున్నం క్షారం, బూజుకి గిట్టదు. గోడలోని తడిని బయటికి పోనిస్తుంది. ఇక్కడిదాకా నా పాటే. అయితే గాలి తగిలేకొద్దీ సున్నం సుద్దగా మారి ఆ ఘాటు చచ్చిపోతుంది. ఏటా పండక్కి వెల్ల వేయించేవాళ్లం గనక అది మన కంటపడలేదు. పిన్ని గోడకీ ఒక మూల బూజు తిరిగొచ్చింది. ఆవిడ సున్నం బకెట్టు జోలికి పోకుండా తాపీమేస్త్రిని పిలిచి మేడమీద పగులు పూడ్పించింది.

2005లో కత్రీనా తుపాను తర్వాత న్యూ ఆర్లీన్స్‌లో జిప్సం బోర్డు గోడల్ని చెక్క చట్రం కనపడేదాకా పీకి వీధుల్లో కుప్పలు పోశారు. ఆ బోర్డుకి అంటించిన కాగితమే బూజుకి తిండి. మన ఇటుక గోడకి ఆ గతి పట్టదు గానీ, మావాడి గదిలో ప్లైవుడ్ వార్డ్‌రోబు ఉంది. గోడకి బిగించేశారు, జానెడు కాదు వెంట్రుకవాసి జరగదు. గోడకి పగులుంటే పూడ్పించి, ఆ వార్డ్‌రోబుని ఊడపీకించమన్నాను.

దాని ఈఎంఐ ఇంకా తీరలేదట.