వినువీథిలోని క్రొత్త వెలుగు

కుప్పమునకు తూర్పుగా, రాష్ట్రపు సరిహద్దున కవతల, జవ్వాది కొండల నడుమ కావలూరను పల్లె కలదు. అచ్చటి వేధశాలలో 2.34 మీటర్ల అద్దము గల దూరదర్శని 1986 మొదలుకొని ఆకాశమును పరిశీలించుచున్నది. మదనపల్లె, పుంగనూరు, వాల్మీకిపురము ప్రాంతములవారమైన మనలో ఇంత చేరువనున్న ఆ విద్యాపీఠమును ఎఱిగినవా రెందఱు?

తోకచుక్కను గాని, సూపర్నోవాను (ప్రేలి వెలుగు తారను) గాని కనుగొనుట అదృష్టఫలమని లోకము తలచును. నే నట్లు తలపను. పాతవాని నెఱిగిన కంటికే క్రొత్తది గోచరించును. తన మందలోని ప్రతి గొఱ్ఱె ముఖము నెఱిగిన కాపరియే అందు చొరబడిన పరాయి గొఱ్ఱెను పసిగట్టును. పూర్వము ఒకే ఆకాశభాగమును వేర్వేఱు రాత్రులయందు గాజు ఫలకములపై చిత్రించి, ఆ రెంటిని యంత్రమున నుంచి మార్చి మార్చి చూచెడివారు. నక్షత్రములు నిలుకడగా నుండును. క్రొత్తగా వెలిగిన తార మినుకుమనును. తోకచుక్క చోటు మార్చును. తొలినాళ్లలో దానికి తోక యుండదు, మసక మచ్చవలె నుండును, కావున నెబ్యులా యని భ్రమపడుట సులభము. కదలికయే దాని గుర్తు. మూడు స్థానములను జాగ్రత్తగా కొలిచినచో కక్ష్య తేలును. రెండువందల ఏండ్లలోపల సూర్యుని చుట్టి వచ్చునది స్వల్పావర్తన ధూమకేతువు, అంతకు మించినది దీర్ఘావర్తన ధూమకేతువు.

ఈ విద్యకు మన గడ్డపై గురుపరంపర కలదు. మద్రాసు వేధశాలలో చింతామణి రఘునాథాచారి 1867లో ఒక చరకాంతి తారను కనుగొనెను. హైదరాబాదులో జాఫర్ జంగు నవాబు 1901 ప్రాంతమున నెలకొల్పెనని చెప్పుకొను నిజామియా వేధశాల పండితులు, ఫలకముల మీది చుక్కల నొక్కొక్కటిగా కొలిచి, ఏడులక్షలకు మించిన నక్షత్రముల స్థానములను పన్నెండు సంపుటములలో ప్రకటించిరి. ఎంతటి ఓపిక! ఆ వేధశాల ఉద్యోగి కుమారుడే నిజాం కళాశాలలో చదివిన వైనూ బప్పు. 1949లో హార్వర్డున ఒక ఫలకమును పరీక్షించుచు అతడు కనుగొన్న తోకచుక్క, బప్పు-బాక్-న్యూకర్క్ అను పేర నేటికిని పిలువబడుచున్నది. ఫలకము అమెరికాది యైనను, దానిని చూచిన కన్ను హైదరాబాదులో తీర్చబడినదని నా పక్షపాతము. కావలూరును వేధశాలగా తీర్చినదియు అతడే; పెద్ద దూరదర్శని పూర్తిగాకముందే, 1982లో, కన్నుమూసెను. ఆ కొండపైననే 1988లో రాజమోహన్ అను శాస్త్రజ్ఞుడు ఒక గ్రహశకలమును కనిపెట్టగా దానికి గణితజ్ఞుడు రామానుజన్ పేరు పెట్టబడినది.

సూపర్నోవా విషయమున కనుగొనుట సగము పని మాత్రమే. అది యేజాతిదో చెప్పుట రెండవ సగము. కాంతిని విడదీసిన వర్ణపటమున ఉదజని గీతలున్నచో రెండవ తెగ, లేనిచో మొదటి తెగ అని 1941లో మిన్కోవ్స్కీ యను శాస్త్రజ్ఞుడు విభజించెను. మొదటి తెగలో సిలికాన్ గీత లోతుగా నున్న ఉపజాతి శ్వేతకుబ్జ తార ప్రేలుటవలన కలుగును. అట్టి తార సూర్యునికి 1.4 రెట్లకు మించి బరువు మోయజాలదని చూపినవాడు మన చంద్రశేఖరుడు. సిలికాన్ గీత బలహీనమై, హీలియం కనబడిన నొక ఉపజాతి, రెండును లేనిచో మఱియొకటి. 1987 ఫిబ్రవరిలో దక్షిణాకాశమున వెలిగిన సూపర్నోవా కావలూరునుండి చూచువారికి దిక్చక్రమును తాకునంత క్రిందుగా నుండెను. ఐనను అచ్చటి శాస్త్రజ్ఞులు దట్టమైన గాలిపొరలగుండా దాని వర్ణపటమును పట్టిరి. ఇట్టి పనిని చూచి చేతులు జోడింపనివాడు రసికుడు గాడు.

ఇక నేటి నకిలీల సంగతి. అరువది మిల్లీమీటర్ల కటకమునకు నూటయిరువది రెట్లకు మించిన వృద్ధి వ్యర్థము. ఐనను పెట్టెపై వందలకొలది రెట్లని అచ్చువేసి పిల్లలకు ఆటబొమ్మల నమ్ముచున్నారు! దానితో చూచిన బాలునికి మసకయే కనబడి, ఆకాశముపైననే విరక్తి పుట్టును. సెల్‌ఫోనులు గీసి పెట్టు చంద్రబింబము, తోకచుక్కవలన అరిష్టమని తెరపై వాదించు పెద్దమనుషులు, మేఘములకే దీపము పెట్టు వీథి విద్యుద్దీపములు, ఇవన్నియు ఈ విద్యకు శత్రువులే. హైదరాబాదు చెంతనున్న రంగాపుర వేధశాలలో 48 అంగుళముల దూరదర్శని యేండ్లకొలది మూలపడియున్నది. బేగంపేటలోని నిజామియా గుమ్మటము శిథిలమగుచున్నది. ఇది మన సిగ్గు.

యంత్రములు నేడు రాత్రికి వేలకొలది అనుమానపు వెలుగులను పట్టి యిచ్చుచున్నవి. వానిలో వర్ణపటము తీయబడునవి కొద్దియే. కావున వర్ణపటమును చదువగలవారి అవసరము పెరిగినదే కాని తరుగలేదు. హార్సిలీ కొండపై మంచి దూరదర్శని యొకటి నెలకొల్పి మదనపల్లె, కుప్పము విద్యార్థులకు అప్పగింతురుగాక. వీథిదీపములకు మూతలు వేయింతురుగాక. రంగాపురపు అద్దమును తుడిచి మరల ఆకాశమునకు తిప్పుదురుగాక!