తెల్ల పంచె మీద సినిమా

ప్రపంచ సినిమా అంటే నగరాల్లో ఫిల్మ్ సొసైటీల వాళ్ల వ్యవహారం అనుకుంటాం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలాట చూసిన కంటికి మాత్రం ఆ విద్యలో సగం ముందే వచ్చేసి ఉంటుంది.

మేకతోలును వేడినీళ్లలో నానబెట్టి, బొచ్చు గీకి, బిగలాగి ఆరబెడితే వెలుతురు దూరేంత పలచనవుతుంది. పూర్వం జింకతోలూ వాడేవారు, ఇప్పుడంతా మేకతోలే. దాని మీద బొమ్మ గీసి రంగులద్ది, నగలున్న చోటల్లా చిన్న ఉలితో చిల్లులు కొడతారు. రంగు వెలుతురును వడగడుతుంది, చిల్లు నేరుగా వదిలేస్తుంది. రాముడి కిరీటంలోని మెరుపంతా ఆ చిల్లులదే. చేతులూ కాళ్లూ విడిగా కోసి దారపు ముడులతో కలుపుతారు. నర్తకికైతే మెడా నడుమూ కూడా ఆడతాయి. పక్కకు తిరిగిన ముఖం, అందులో పెద్ద కన్ను, చీర అంచుల మీద పూలు చూస్తే లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాలు గుర్తురాక మానవు.

అసలు విద్య తెర వెనకుంది. బొమ్మను తెరగా కట్టిన తెల్ల పంచెకు ఆనించి పట్టుకుంటే ప్రతి గీతా స్పష్టం. కొంచెం దీపం వైపు లాగితే అదే బొమ్మ పెరిగి, అంచులు చెదిరి, మసకలో కలిసిపోతుంది. సినిమాలో లెన్సు చేసే పని ఇక్కడ మణికట్టు చేస్తుంది. ఆడించేవాడే పాడతాడు, కాళ్ల కింద చెక్కలు టకటకా తొక్కి యుద్ధం పుట్టిస్తాడు. కథ బరువెక్కిందనగా జుట్టుపోలిగాడు, బంగారక్క అనే హాస్యపు బొమ్మలు దూరి ఊరి పెద్దల మీద మోటు జోకులేస్తారు. ఇళ్లలో మరాఠీ యాస మాట్లాడుకునే ఈ కుటుంబాలు తెర ముందు తెలుగు రామాయణం ఆడటం మరో ముచ్చట.

ఈ విద్య రుచి తెలిసినవాళ్లు మొట్టమొదట చూడాల్సింది జర్మనీకి చెందిన లోటే రైనిగర్ 1926లో తెచ్చిన 'ప్రిన్స్ అహ్మద్ సాహసాలు'. నల్ల అట్ట, పలచని సీసపు రేకు కత్తిరించి, కీళ్లకు తీగ కట్టి, కింది నుంచి వెలిగే గాజుబల్ల మీద ఒక్కో ఫ్రేమూ కదిపి తీసింది. పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాల్లో ఇప్పటికీ మిగిలున్న వాటిలో పాతది ఇదే. అయితే ఆమె బొమ్మలు కారునలుపు. మనవాటిలో నీడకు కూడా రంగుంటుంది. నా ఓటు మనవాటికే.

రెండోది చైనా దర్శకుడు ఝాంగ్ యిమౌ 'టు లివ్' (1994). జూదంలో ఇల్లు పోగొట్టుకున్న ఫూగుయ్ నీడబొమ్మలాడించి బతుకుతాడు. ఓ ఆట మధ్యలో సైనికుడి బాయ్‌నెట్ తెరను చీల్చుకుని లోపలికొస్తుంది. యుద్ధం గురించి అంతకు మించి ఒక్క డైలాగూ అక్కర్లేదు. ఫూగుయ్‌గా నటించిన గె యూకు కాన్‌లో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. సాంస్కృతిక విప్లవ కాలంలో ఆ బొమ్మలన్నీ కాల్చేస్తారు, ఖాళీ పెట్టె మిగులుతుంది.

మన దగ్గర బొమ్మల్ని ఎవరూ కాల్చలేదు, ఆటే తగ్గిపోయింది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఊళ్లో చాలామందికి కూడు పెట్టేది మాత్రం తోలు లాంప్‌షేడ్లు, గోడబొమ్మలు. తప్పుపట్టను, ఉలి పట్టిన చేతికి పని దొరికింది. కానీ లాంప్‌షేడ్ మీద హనుమంతుడు ఎగరడు.

చివరగా అరవిందన్ మలయాళ చిత్రం 'కాంచన సీత' (1977). ఆంధ్ర అడవుల్లో తీశారు. రామలక్ష్మణులుగా చెంచులు నటించారు. సీత మనిషిగా కనిపించదు; గాలి, ఆకు, నీరు ఆమె. మూడుసార్లు వెండితెర రాముడు ఎన్టీఆర్‌ను అసెంబ్లీకి పంపిన హిందూపురంలో రాముడంటే ఆయన ముఖమే కళ్లముందు నిలుస్తుంది కాబట్టి ఈ సినిమా అక్కడ మొదట్లో కొరుకుడు పడకపోవచ్చు. తోలుబొమ్మ రాముడిలో ఏ నటుడి పోలికా ఉండదు. ఆ ఆట చూసి పెరిగిన ముసలివాళ్లు చెంచు రాముణ్ణి మనకన్నా ముందే ఒప్పుకుంటారని నా నమ్మకం.